పాత నాదస్వరం, ఒత్తు బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తాతల నాటి నాదస్వరమో ఒత్తో (నాదస్వరం పక్కన ఆగకుండా శ్రుతి పట్టే వాద్యం) అటక మీద దొరికింది, ఏం చేయాలి అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, అందరికీ దాదాపు అవే డౌట్లు, అందులోనూ కింద చిల్లుల్లో ఉండే మైనం గురించి అడగనివాళ్ళు లేరు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నా. నేను వాద్యాలు తయారుచేసేవాణ్ణి కాదు. మా తాతయ్య ప్రకాశం జిల్లాలో గుడి మేళం వాయించేవారు, ఆయన ఒత్తుతో మొదలుపెట్టి ఇప్పటికి కొన్ని వాద్యాలు పెద్దవాళ్ళని అడుగుతూ బాగుచేసుకున్నా. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## చేతికి వచ్చిన కొత్తలో

పొడుగాటి సన్నాయి లాంటిది దొరికింది, ఇది నాదస్వరమా ఒత్తా?

ముందు వైపు చూడండి. పైనుంచి వరసగా వేళ్ళు పెట్టుకునే రంధ్రాలు ఏడు ఉంటే నాదస్వరం. దాని అడుగున ఇంకో ఐదు ఉంటాయి, అవి వేళ్ళతో వాయించడానికి కాదు, శ్రుతి సరిచేసుకోవడానికి, మొత్తం పన్నెండు. అసలు వేళ్ళ రంధ్రాలే లేకుండా అడుగున మాత్రం నాలుగో ఐదో ఉంటే అది ఒత్తు, కొందరు శ్రుతి సన్నాయి అంటారు. ఆధార షడ్జమం (స) ఒక్కటే మేళం అయ్యేదాకా ఆగకుండా పలికేది అది. ఒత్తు పట్టే ఆయన బుగ్గల్లో గాలి దాచుకుని ముక్కుతో ఊపిరి తీసుకుంటూ ఊదాలి, తెగకూడదు. దీన్ని సగంలో వదిలేసిన నాదస్వరం అనుకుని వడ్రంగితో ఏడు చిల్లులు పెట్టిద్దాం అనుకున్నవాళ్ళని ఇద్దరిని చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

కింద చిల్లుల్లో నల్లగా గట్టిగా ఏదో పేరుకుంది, మట్టేనా? గీకేయమంటారా?

గీకొద్దు. అది మైనం. దుమ్ము, నూనె పట్టి నల్లబడి రాయిలా కనిపిస్తుంది. ఆ చిల్లుని పూర్తిగా మూశారా, సగం మూశారా, పక్కకి చిన్న సందు వదిలారా అన్నదాన్ని బట్టి వాద్యం శ్రుతి ఉంటుంది, అంటే చివరిగా వాయించిన మనిషి తన చెవితో పెట్టుకున్న శ్రుతి అక్కడ ఉన్నట్టే. నేను తాతయ్య ఒత్తు దొరికిన రోజే స్క్రూడ్రైవర్ తీసుకుని మొత్తం శుభ్రంగా గీకేశా, మంచి పని చేశాననుకున్నా. తాతయ్యకి ఒత్తు పట్టిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే చేతిలోకి తీసుకుని చూసి, "మైనం తీసేశావా నాయనా, మీ తాత ఏ శ్రుతిలో ఉంచాడో ఇంక ఎట్టా తెలుస్తది" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. కాబట్టి ముందు ప్రతి చిల్లుకీ దగ్గరగా ఫోటో, పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫోటో, ఎంత భాగం మూసి ఉందో కాగితం మీద బొమ్మ. కుదిరితే ఆ మైనం అలాగే ఉంచి మిగతా పని అంతా చేసుకోండి.

మాది తిమిరా, బారీనా?

రెండూ నాదస్వరంలో రకాలే, పొడవు చూస్తే తెలిసిపోతుంది. తిమిరి పొట్టిది, సుమారు రెండు అడుగులు, శ్రుతి ఎక్కువ, నాలుగు నుంచి ఐదు దాకా (పాశ్చాత్య లెక్కలో ఎఫ్ నుంచి జి). బారీ మూడు అడుగులకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, శ్రుతి రెండు, రెండున్నర. పూర్వం తిమిరే ఎక్కువ, తిరువావడుతురై రాజరత్నం పిళ్ళై గారు (1898–1956) నరసింగంపేటై రంగనాథ ఆచారి గారితో బారీ చేయించుకుని వాయించాక అది దక్షిణాది అంతా పాకింది. మన ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానా గారు (1924–1999) తంజావూరు బాణీని మనవాళ్ళకి ఎంత దగ్గర చేశారో తెలిసిందే, ఆయనకి 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ళ సంగీత కళానిధి బిరుదు వచ్చింది. మీ ఇంట్లో దొరికింది తిమిరి అయితే అది పాత పద్ధతి వాద్యం అయ్యుండే అవకాశం ఎక్కువ, ఇప్పటి వాద్యంలా పలకాలని దాన్ని మార్చొద్దు.

ఏ కర్రతో చేసుంటారు? వయసు చెప్పగలమా?

ఎక్కువగా ఆచ్చా కర్ర, మన దగ్గర నారేపి అంటారు. మన దేశంలో దొరికే బాగా బరువైన, గట్టి కర్రల్లో అదొకటి. కావేరి ఒడ్డున కుంభకోణం దగ్గర నరసింగంపేటైలో ఇప్పటికీ పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన దూలాలు, స్తంభాలు కొని వాటితో చేస్తారు, ఎందుకంటే ఏళ్ళ తరబడి ఆరిన కర్ర తర్వాత వంకర పోదు, పగలదు. ఆ ఊరి నాదస్వరానికి 2022లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. అంటే వాద్యం వయసు వేరు, కర్ర వయసు వేరు, రంగు చూసి వందేళ్ళది అని చెప్పేవాళ్ళని నమ్మకండి. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఎవరు వాయించారు, ఏ గుడిలో, ఎప్పటిదాకా అన్నది రాసుకోండి.

ఒకసారి ఊది చూడొచ్చా?

వెంటనే వద్దండి. ఒకటి, లోపల బూజు, పురుగుల పొడి, ఎండిన ఉమ్మి ఉంటాయి, అవి నేరుగా మీ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండు, ఏళ్ళ తరబడి ఎండిపోయిన కర్రలోకి ఒక్కసారిగా వేడి, తడి గాలి పంపితే లోపలి వైపు ఉబ్బుతుంది, బయటి వైపు ఉబ్బదు, అక్కడే పగులుతుంది. దాంతోపాటు దొరికిన పాత పీకని (నోట్లో పెట్టుకుని ఊదే గడ్డి ముక్క) అసలు నోట్లో పెట్టుకోవద్దు, పారేయనూ వద్దు, కొత్త పీక కొనేటప్పుడు కొలతకి అదే నమూనా.

## శుభ్రం చేసేటప్పుడు

లోపల ఎలా క్లీన్ చేయాలి? నీళ్ళతో కడగొచ్చా?

నీళ్ళలో ముంచొద్దు, సబ్బు వద్దు. లోపలి గొట్టం పైన సన్నగా కింద వెడల్పుగా ఉంటుంది కాబట్టి గుడ్డ కింద నుంచి పైకి లాగితే మధ్యలో ఇరుక్కుపోతుంది, తీయడానికి ఇనుప చువ్వ పెడతారు, గీతలు పడతాయి, అయిపోయింది. పొడుగాటి మెత్తటి కాటన్ గుడ్డ ముక్కకి రెండు చివర్లా దారం కట్టండి, ఒక దారానికి చిన్న బరువు కట్టి పైనుంచి కిందకి జారవిడిచి, గుడ్డని కింది వైపు నుంచి మెల్లగా ఎంత వెళ్తే అంతవరకే లాగండి, బిగుసుకుంటే రెండో దారంతో వెనక్కి లాగేయండి. పైన సన్నటి భాగానికి శుభ్రమైన కోడి ఈక కన్నా మంచిది లేదు, గోడలకి ఆనుకుని తిరిగి వస్తుంది, గీతలు పడవు. ముక్కుకి మాస్క్ పెట్టుకోండి. మైనం ఉన్న చోటికి వచ్చేసరికి చేయి తేలిగ్గా పెట్టండి, లోపలికి కాస్త పొడుచుకుని ఉంటే గుడ్డ తగిలి ఊడిపోతుంది.

ఏ నూనె రాయాలి? కొబ్బరినూనె సరిపోదా?

అందరి ఇళ్ళలో కొబ్బరినూనె, నువ్వులనూనె రాసినట్టే కనిపిస్తుంది. నువ్వులనూనె గాలికి మెల్లగా చిక్కబడి జిగురు అవుతుంది, లోపల గోధుమరంగు పొరలా ఉండేది చాలాసార్లు అదే. కొబ్బరినూనె అలా గట్టిపడదు కానీ చలికి గడ్డకడుతుంది, పాతబడితే వాసన. అవిసె నూనె లోపలికి అస్సలు వద్దు, అది ఆరిపోయి వార్నిష్ లాంటి పొర అయిపోతుంది. నేను వాడేది తియ్య బాదం నూనె, నాలుగైదు చుక్కలు గుడ్డకి అద్ది లోపలంతా పల్చగా, ఒక రాత్రి వదిలేసి మర్నాడు పొడి గుడ్డతో తుడిచేయడం, వారం ఆగి ఇంకోసారి. ఎండిన కర్ర చూస్తే పోయాలనిపిస్తుంది కానీ పోయకండి. ఇంకోటి, నూనె తగిలితే మైనం పట్టు వదిలేస్తుంది, ఆ చిల్లుల చుట్టూ వేలెడు మేర నూనె లేకుండా ఉంచండి.

చిన్న చిన్న కన్నాలు, కింద పిండిలాంటి పొడి పడుతోంది

పుచ్చు పురుగు. ఆచ్చా కర్ర మధ్య చేవ భాగం జోలికి అది పెద్దగా పోదు, పైన లేతరంగు భాగం ఉంటే దాన్ని తింటుంది, చవక కర్రతో చేసిన అణసులోనూ (అడుగున గిన్నెలా ఉండే భాగం) వస్తుంది. నల్ల కాగితం మీద పెట్టి రెండు వారాలు చూడండి, కొత్త పొడి పడకపోతే పురుగు ఎప్పుడో పోయింది, పాత కన్నాలే. పడుతుంటే మాత్రం పురుగుల మందు కొట్టకండి, అది నోటి దగ్గర పెట్టుకునే వస్తువు, గాలంతా అందులోంచే. మ్యూజియంలో చెక్క వస్తువులు బాగుచేసేవాళ్ళని అడగండి, మందు లేని పద్ధతులు ఉన్నాయి.

పీక కింద ఇత్తడి గొట్టం పచ్చగా అయిపోయింది

కెండై అంటారు దాన్ని. ఆ పచ్చది చిలుం, విషం, నోటికి తగలనీయకండి. మెల్లగా తిప్పుతూ ఊడదీయండి, రాకపోతే పటకారు పెట్టొద్దు, చుట్టి ఉన్న పాత దారం మీద రెండు చుక్కలు బాదం నూనె వేసి ఒక రోజు ఆగండి. ఊడాక చింతపండు పులుసులో రెండు మూడు నిమిషాలు ఉంచి మెత్తటి బ్రష్‌తో తోమి బాగా కడిగి ఆరబెట్టండి. గంటల తరబడి నానబెడితే రేకు పల్చబడుతుంది, అంచు చిల్లుపడితే ఇక గాలి లీకే. దారం కొత్తది చుట్టుకోవచ్చు, కాటన్ దారానికి కాస్త మైనం రాసి చుడితే పట్టు బాగుంటుంది.

గొలుసుకి వేలాడే తెల్ల సూది దంతమా?

పీక నోరు సరిచేసుకునే సూది అది. దంతంతో చేసినవి ఉన్నాయి, ఎముకతో చేసినవి ఉన్నాయి. భూతద్దంతో చివర కోసిన వైపు చూడండి, సన్న గీతలు వలలా ఒకదాన్నొకటి దాటుతుంటే ఏనుగు దంతం కావచ్చు, సన్నటి నల్ల చుక్కలు, గుంటలు కనబడితే ఎముక. దంతం అయితే అమ్మడం, కొనడం మన దేశంలో నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకి వస్తుంది. బయటి దేశానికి తీసుకెళ్ళేవాళ్ళు అనుమానం ఉంటే సూది ఇక్కడే వదిలేయడం మంచిది.

## రిపేరు దగ్గర

పగులు ఉంది, ఫెవిక్విక్ వేసేయనా?

ముందు ఆ పగులు గాలి వదులుతోందో లేదో చూడండి. చిల్లులన్నిటికీ టేపు వేసి, అడుగున ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన గుడ్డ ఉండతో మూసి, పైనుంచి నోటితో గాలి పీల్చి నాలుకతో ఆపండి (లోపల శుభ్రం చేశాకే ఈ పని). ఆ పట్టు మూడు నాలుగు సెకన్లు నిలిస్తే లీకు లేదు, ఆ పగుల్ని ఏమీ చేయకండి. లీకు ఉండి, పగులు వేళ్ళ రంధ్రాలకి దూరంగా ఉంటే తేనె మైనం పట్టించి పైన పట్టు దారం బిగుతుగా దగ్గర దగ్గరగా చుట్టించండి, రేపు నచ్చకపోతే విప్పేయొచ్చు. ఫెవిక్విక్ లాంటివి కర్రలోకి ఇంకిపోయాక ఎవరి వల్లా కాదు. పగులు వేళ్ళ రంధ్రం మీదుగా పోతుంటే మాత్రం సొంత వైద్యం వద్దు, నరసింగంపేటై లాంటి చోట తయారుచేసేవాళ్ళకే చూపించండి.

అణసు వదులైపోయింది, ఊడి పడిపోతోంది

కింద గిన్నెలా ఉండే ఆ భాగం విడిగానే చేస్తారు, కర్రదీ ఉంటుంది, ఇత్తడిదీ ఉంటుంది. జిగురు పెట్టొద్దు, దారం చుట్టి బిగించండి. పోయినా కంగారు లేదు, కొత్తది చేయించుకోవచ్చు, కానీ అణసు లేకుండా పెట్టిన శ్రుతి అణసు పెట్టాక మారుతుంది, అది బిగించాకే శ్రుతి పని మొదలుపెట్టండి.

కొత్తదానిలా మెరవాలంటే పాలిష్ కొట్టించొచ్చా?

నా అభిప్రాయం వద్దనే. శాండ్‌పేపర్ పెడితే వేళ్ళ రంధ్రాల అంచులు అరుగుతాయి, అక్కడ ఏళ్ళ తరబడి వేళ్ళు ఆడిన అరుగుదల పోతుంది. పొడి గుడ్డ, కాస్త మైనం, అంతే.

పీక ఎక్కడ దొరుకుతుంది? షెహనాయిది సరిపోతుందా?

సరిపోదు, కొలత వేరు. నాదస్వరం పీకలు నాణల్ అనే గడ్డితో తంజావూరు వైపు చేస్తారు, వాళ్ళు సీవాళి అంటారు, వాయించేవాళ్ళ ద్వారా తెప్పించుకోవడమే తేలిక. శ్రుతి చెప్పి కొనాలి, తిమిరికీ బారీకీ పీకలు వేరు. ఒకటి కాదు, కనీసం ఆరు తీసుకోండి, అన్నీ ఒకేలా పలకవు, వాద్యం పాడైందనుకున్నది చాలాసార్లు పీక లోపమే.

## శ్రుతి పెట్టేటప్పుడు

మైనంతో శ్రుతి ఎలా మారుతుంది అసలు?

గొట్టంలో గాలి ఎంత పొడవున ఊగుతుందో అంత కింద స్వరం వస్తుంది. అడుగున చిల్లు తెరిచి ఉంటే గాలి అక్కడే బయటపడినట్టు, గొట్టం పొట్టిదైనట్టు, శ్రుతి పెరుగుతుంది. మైనంతో మూస్తే గొట్టం పొడుగైనట్టు, శ్రుతి తగ్గుతుంది. సగం మూస్తే మధ్యలో, అందుకే వెంట్రుకవాసి తేడా కూడా పెట్టుకోవచ్చు. వరసలో పైన ఉన్న చిల్లు ఎక్కువ మారుస్తుంది, కింది చిల్లు తక్కువ. ఏ మీటలూ స్క్రూలూ లేకుండా చిటికెడు మైనంతో ఇంత సన్నగా సరిచేసుకునే ఏర్పాటు చేసిపెట్టిన ఆ పాతకాలం పనివాళ్ళ మీద నాకు చాలా గౌరవం.

ఏ మైనం? కొవ్వొత్తి కరిగించి పోస్తే?

కొవ్వొత్తి మైనం పెళుసు, చల్లారాక కుంచించుకుని ఊడిపోతుంది. అసలైన తేనె మైనం వాడండి, 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, వేళ్ళ మధ్య కాసేపు నలిపితే మెత్తబడుతుంది. మన ఎండలకి మరీ మెత్తబడుతుంటే కరిగించి చిటికెడు గుగ్గిలం పొడి కలపండి. కరిగిన మైనం చిల్లులోకి పోయకూడదు, లోపలికి కారి గోడలకి అంటుతుంది. మెత్తబడ్డ ముద్దని బయట నుంచి అద్దాలి.

ఒత్తుకి శ్రుతి పెట్టే పద్ధతి చెప్పండి

ముందు పీక తడిపి, ఐదు నిమిషాలు ఊది వాద్యం వేడెక్కనివ్వండి, చల్లటి వాద్యానికి పెట్టిన శ్రుతి నిలవదు. తర్వాత తంబురా యాప్‌లో మీకు కావలసిన శ్రుతి పెట్టుకుని వినండి. ఒత్తు తక్కువగా ఉంటే మైనం కొంచెం తీయాలి, ఎక్కువగా ఉంటే కొంచెం పెట్టాలి. పెద్ద తేడాకి పై చిల్లు, చిన్న తేడాకి అడుగు చిల్లు. వెదురు పుల్ల కొసతో నువ్వుగింజంత తీసి మళ్ళీ ఊది వినండి. అన్ని చిల్లులూ మూసినా ఇంకా ఎక్కువగానే ఉందంటే కెండైని కాస్త బయటికి లాగండి, అన్నీ తెరిచినా తక్కువగా ఉందంటే పీక మార్చండి. దగ్గరికి వచ్చినప్పుడు రెండు శబ్దాలూ కలిసి అలలు అలలుగా వినిపిస్తాయి, ఆ అలలు నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోయిన చోట ఆపేయండి. యాప్‌లో ముల్లు చూడొద్దు, ఈ పనికి చెవి కన్నా మంచిది లేదు. తొలిసారి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

నాదస్వరంలో పై స్వరాలు సరిగ్గా ఉన్నాయి, కింది స్వరాలే తేడా

అయితే మైనం పని. అడుగు చిల్లుల ప్రభావం కింది స్వరాల మీదే ఎక్కువ, పైకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. దానికి ఉల్టాగా పీక, కెండై లోపలికి బయటికి జరిపితే పై స్వరాలు ఎక్కువ మారతాయి, ఎందుకంటే అక్కడ పలికే గొట్టమే పొట్టిది కాబట్టి అదే కొంచెం తేడా వాటికి పెద్దది అవుతుంది. ఈ రెండూ తెలిస్తే చాలావరకు మీరే సరిచేసుకోవచ్చు. ముందు కెండైతో పై స్వరాలు, తర్వాత మైనంతో కింది స్వరాలు, మళ్ళీ ఒకసారి పైవి.

మధ్యమం ఎక్కువ పలుకుతోంది, ఆ రంధ్రం కొంచెం పూడ్చనా?

పాత తిమిరి అయితే పూడ్చొద్దు. వాటిలో చాలావాటికి ప్రతి మధ్యమం (రెండు మ లలో పైది) తేలిగ్గా పలుకుతుంది, శుద్ధ మధ్యమం (కిందిది) ఊపిరితో తెచ్చుకోవాలి, శుద్ధ మధ్యమం నేరుగా పలికేలా రంధ్రాలు పెట్టడం రంగనాథ ఆచారి గారి వాద్యాలతో వచ్చిన మార్పు. అంటే మీది తప్పుగా చేసింది కాదు, వేరే పద్ధతిలో చేసింది.

ట్యూనర్ యాప్‌లో ఏ స్వరానికీ సరిపోవట్లేదు, రంధ్రాలు పెద్దవి చేయిస్తే సరిపోతుంది అంటున్నారు

చేయించొద్దు, కర్ర ఒకసారి పోతే రాదు. నాలుగు శ్రుతికి యాప్‌లో ఎఫ్, ఐదుకి జి, రెండుకి డి, రెండున్నరకి డి షార్ప్ చూపించాలి, మీది వాటి మధ్యలో ఎక్కడో ఉండొచ్చు, ఆ రోజుల్లో ఎవరి మేళానికి వాళ్ళు కలుపుకునేవాళ్ళు, యాప్‌కి కాదు. పైగా వేడికి కూడా మారుతుంది, గాలి ఒక డిగ్రీ పెరిగితే సుమారు 3 సెంట్లు (అర స్వరంలో నూరో వంతు ఒక సెంటు), అందుకే తెల్లవారుజామున గుడిలో పెట్టిన శ్రుతి మిట్టమధ్యాహ్నం ఊరేగింపులో ఉండదు. తంబురా యాప్‌నే వాద్యానికి తగ్గట్టు కాస్త జరుపుకోండి, చాలా యాప్‌లలో ఆ సెట్టింగ్ ఉంది.

## బాగయ్యాక

శ్రుతి బాక్స్ ఉండగా ఒత్తు దేనికండి?

వాయించేవాళ్ళకి బాక్స్ తేలిక, ఒక మనిషి ఖర్చు తగ్గుతుంది, నేను కాదనను. కానీ ఒత్తు శబ్దం నాదస్వరం లాంటి గొట్టం లోంచి, అలాంటి పీక లోంచి వస్తుంది, రెండూ కలిసినప్పుడు ఒకే గొంతు పక్కకి విస్తరించినట్టు ఉంటుంది, స్పీకర్ లోంచి అది రాదు. ఒకసారి ఆరుబయట రెండూ పక్కపక్కన విన్నాక నాకు ఇంక డౌట్ రాలేదు.

అమెరికా తీసుకెళ్తున్నాం, ఏం జాగ్రత్తలు?

చేతి సామానులోనే పెట్టుకోండి. అక్కడ శీతాకాలం హీటర్ వేసిన ఇంట్లో గాలి బాగా పొడి, పగిలేది ఎక్కువగా అప్పుడే, పెట్టెలో తేమ ప్యాకెట్ పెట్టి 45 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. మొదటి నెల రోజుకి పది నిమిషాలే ఊదండి, ఊదాక లోపల తుడవండి. ఇక్కడైనా అక్కడైనా ఎండలో ఆపిన కారులో వదలొద్దు, మైనం జారి పెట్టెలో ముద్దలా దొరుకుతుంది.

మా ఇంట్లో ఎవరూ వాయించరు, ఏం చేయాలి?

గోడకి మేకు కొట్టి తగిలించే ముందు మీ ఊళ్ళో మేళం వాయించే కుటుంబాన్ని అడగండి, నాయీబ్రాహ్మణ కుటుంబాలు, గుంటూరు ప్రకాశం వైపు దూదేకుల వాళ్ళు తరతరాలుగా దీన్ని పట్టుకుని ఉన్నారు. తిరుపతిలో టీటీడీ వాళ్ళ నాదస్వరం, డోలు పాఠశాల ఉంది, నేర్చుకునే పిల్లలు ఉన్నారు. ఎవరికిచ్చినా పెట్టెలో ఒక కాగితం పెట్టండి: ఎవరిది, ఏ ఊరు, ఏ గుడి, ఏ శ్రుతి, మైనం ఎలా ఉండేది, మీరు ఏమేం మార్చారు. మా తాతయ్య ఒత్తు పెట్టెలోనూ అలాంటి కాగితమే ఉంది. అందులో నేను పెట్టిన శ్రుతి నాలుగున్నర అని రాశాను, దాని పైన తాతయ్య పెట్టుకున్న శ్రుతి అనే వరుస ఖాళీగా వదిలేశాను.